పద్నాలుగు పేజీల మీద కాపీ

కొత్త ప్రోగ్రామింగ్ భాష తయారవుతున్న ఆఫీసులో, ఫైళ్లను కాపీ చేసే ఆదేశం ఎలా పనిచేయాలో ఓటేసి తేల్చే మీటింగుకు ముందు, పెద్ద ఇంజనీరూ అతని కింద పనిచేసే అమ్మాయీ ఒకే తెర ముందు కూర్చున్నారు.

“కాపీ చేసే చోట అదే పేరుతో ఫైలుంటే ఆగిపోవాలి సార్. అడగకుండా దాని మీద రాసేస్తే ఎలా?”

“ప్రతిదానికీ అడుగుతూ కూర్చుంటే పనెప్పుడవుతుందమ్మా? చూసుకోవాల్సింది వాడేవాళ్లు. ఇదిగో, ఈ ఖాళీ ఫైలు కాపీ చేస్తున్నా, చూడు. చిటికెలో అయిపోలా?”

“అయింది. ఏ పేరు పెట్టారు?”

“‘నివేదిక’ అని.”

“ఆ పేరుతో ముందే ఏమైనా ఉందా సార్?”

“ఉంది.”

“అందులో ఏముంది?”

“అడగక్కర్లేదని నేను రాసిన పద్నాలుగు పేజీలు.”

“ఇంకో కాపీ?”

“అదొక్కటేనమ్మా.”

“మరి మీటింగులో ఏం చదువుతారు?”

“ఆగాలని నువ్వు రాసిందే చదువు. అందరికంటే ముందు నేనే ఓటేస్తా.”