వైర్ల కింద మొక్క

గేటు ముందు తవ్విన గోతిలో తోటమాలి మొక్క దించుతుంటే, లైన్‌మన్ తల్లి చీపురు పారేసి పరుగెత్తుకొచ్చింది.

"ఆగు నాయనా! అదెంత ఎత్తు పెరుగుతుంది?"

"మేడంత పెరుగుతుందమ్మా. చల్లటి నీడ."

"పైన కరెంటు వైర్లు కనబడట్లేదూ?"

"వాటిని అందుకోడానికి పదేళ్లు పడుతుంది. ఇప్పట్నుంచే గుండెలు బాదుకుంటే ఎలా?"

"గాలివానలో కొమ్మ విరిగి వైర్ల మీద పడితే స్తంభం ఎక్కేది మావాడు. నీకేం, నీళ్లు పోసి పోతావు."

తోటమాలి తలెత్తి చూశాడు. మొక్కను మెల్లగా పైకి తీశాడు.

"సరేలే, పొట్టిగా పెరిగే నందివర్ధనం నాటుతాను."

ఆమె ఊపిరి పీల్చుకుంది. చీపురు కోసం వెనుదిరిగి, అంతలోనే ఆగింది.

"ఈ రకం ఇంకెక్కడైనా నాటావా?"

"పొద్దుట్నుంచి... వెనక వీధంతా ఇవేనమ్మా."

"అక్కడా వైర్లున్నాయా?"

"ఉన్నాయి."

ఆమె తలుపు గడియ పెట్టి చెప్పులు వేసుకుంది.

"గునపం తీసుకో. పద."