ఇయ్యాల మగ్గం నాది

టీకా వేస్తే ఒంట్లో కాసేపు పుట్టే వాపు రక్తనాళాలను ఏం చేస్తుందో చూడాలని డాక్టర్లు ఆ నేత దంపతులిద్దరికీ సూది వేసి, చేతికి పట్టీ బిగించి పరీక్షించారు. పానగల్‌లో ఇల్లు చేరగానే ఆమె ఆత్రంగా మగ్గం గుంటలోకి దిగింది.

“ఏయ్, గది నా జాగా! నువ్వు నూలు కండెలు చుట్టు,” అన్నాడు భర్త.

“నీ నెత్తురు నరాలు బిగుసుకున్నయట, నాయి మంచిగ సాగుతున్నయట. ఆడోళ్లల్ల శానమందికి గట్లనేనట. రేపటిదాంక నిన్ను మగ్గం మీద కూసోవద్దన్నది డాక్టరమ్మ. ఇన్నవా లేదా?”

“నీకు గంత దమ్మేడిది?”

“పెండ్లయినప్పటిసంది గిదే మాట! దమ్మెవరికున్నదో పట్టీ కట్టి చూసిన్రు గద.”

“పోగు తెగితే?”

“అతుకుత.”

“అంచు వంకర పోతే?”

“నీది ఎన్నడు పోలేదా?”

తాడు లాగగానే నూలు కండె ఉన్న నాడె ఇటునుంచి అటు దూసుకుపోయింది. ఆమెకు సంబరంతో కేక వేయాలనిపించింది. మళ్లీ తాడు లాగింది, మళ్లీ లాగింది. వెనక భర్త చేతిలో రాట్నం తిరగడం మొదలైంది.

“జర మెల్లగ నెయ్యే! కండెలు అందియ్యాలె గద నేను.”