చిప్పులో వదిన

ఏమన్నావూ, వదినా? ఇప్పటికీ మీ ఆఫీసులో చిప్పులో ఉన్న ఆ తప్పుని వదిన అనే పిలుస్తున్నారా? ఎందుకలా అంటారో అక్కడ ఎవరికీ తెలీదన్నమాట. ఎలా తెలుస్తుందిలే, తెలిసినవాళ్ళంతా పోయారు, నేనొక్కణ్ణి మిగిలాను. కూర్చో తల్లీ, ఆ టీ తాగు. ఆ వదిన మీ నాయనమ్మే. అలా నోరు తెరుచుకుని చూడకు. మా అన్న పెళ్ళాం, అంటే నాకు వదినే కదా. ఇద్దరం అక్కడే పని చేసేవాళ్ళం, నేను అందరి ముందూ వదినా వదినా అని పిలిచేసరికి, గేటు దగ్గర కూర్చునేవాడి నుంచి పై గదిలో పెద్దాయన దాకా అందరికీ వదినైపోయింది. అసలు పేరు ఎవరికీ పట్టేది కాదు.

మీరిప్పుడు చిప్పు బొమ్మంతా కంప్యూటర్లోనే గీస్తారు. మొదటి తరం చిప్పుని ఆడవాళ్ళు చేత్తో కోశారమ్మా. మంచమంత బల్ల, పైన అద్దం, అద్దం కింద లైట్లు. దాని మీద ఎర్రటి పల్చటి ప్లాస్టిక్ పొర పరిచేవాళ్ళు. గీత ఎక్కడ కావాలో అక్కడ చిన్న కత్తితో గాటు పెట్టి, ఆ ముక్క ఊడబెరికెయ్యాలి. బల్ల మధ్యకి చెయ్యి అందదు కదా, అందుకని చెప్పులు విప్పి పైకెక్కి బోర్లా పడుకుని కోసేవాళ్ళు. కింద నుంచి లైట్ల వేడి, పొట్ట మాడిపోయేది. అంతా అయ్యాక దాన్ని ఫోటో తీసి, తీసిందాన్ని మళ్ళీ తీసి, మంచమంత బొమ్మని గోరంత చెయ్యడం మా కెమెరా గది పని. నేను తలుపు తీస్తే చాలు, మీ నాయనమ్మ తల కూడా ఎత్తకుండా, మరిదీ, తుమ్మేదుంటే బయటే తుమ్మి రా, అనేది. దుమ్మంటే అంత భయం. ఇంట్లో మాత్రం చీపురు మా అన్న చేతిలోనే ఉండేదిలే, ఆ సంగతి వేరు.

ఎక్కడున్నాను? ఆ, తప్పు. కోసిన ముక్కల్లో ఒక పీలిక ఊడకుండా అంటుకుపోయింది. వెంట్రుకంత ఉంటుంది. దాంతో ఏమైందంటే, బండికి మీటరుంటుంది చూడు, తొమ్మిదులన్నీ అయిపోయాక సున్నాలకి తిరగాలి కదా, మా చిప్పు ఒకటికి తిరిగేది. అది బయటపడేసరికి మొదటి విడత సరుకంతా అమ్ముడైపోయింది. ఇక ఎవరు, ఎవరు అని ఒకటే గోల. ఆ పీలికున్నది బల్లకి నట్టనడుమ. అది కోసేనాటికే మీ నాయనమ్మకి ఐదో నెల. ఆ పొట్టతో బల్లెక్కి బోర్లా పడుకుంటుందా? అంచుల్లో నిలబడి కోసింది, అంతే. ఆ గదిలో అందరికీ తెలుసు. అయినా ఆ కళ్ళజోడు సూపర్‌వైజరు ఆమెనే పిలిచాడు. గొంతులో తేనె పోసుకుని మరీ చెప్పాడు, "చూడమ్మా, పైవాళ్ళకి ఎవరో ఒకరి పేరు చెప్పాలి. నువ్వెలాగూ పురిటికి వెళ్ళేదానివేగా." నాకు ఒళ్ళు మండిపోయింది. వెళ్ళి వాడి మొహాన్నే అడిగాను, ఆ కడుపుతో మధ్యకి ఎలా వంగిందో నువ్వు వంగి చూపించు అని. నీ కెమెరా నువ్వు చూసుకో అన్నాడు. మళ్ళీ వెళ్ళాను, మళ్ళీ అదే మాట. ఆవిడ మటుకు కత్తి తుడిచి బల్ల మీద పెట్టి వచ్చేసింది. ఆ కడుపులో ఉన్నది మీ నాన్నే.

అసలు కడుపుమంట ఇక్కడుంది, విను. రెండో తరం చిప్పు వచ్చింది. తప్పు దిద్దేశామని దండోరా వేసుకున్నారు. కొన్నవాళ్ళు ఊరుకుంటారా? వాళ్ళంతా అప్పటికే ఆ ఒకటికి అలవాటు పడి, దాన్ని తీసేసుకునేలా తమ లెక్కలు రాసుకున్నారు. ఇప్పుడు సున్నా సరిగ్గా వస్తుంటే వాళ్ళ లెక్కలన్నీ తలకిందులు. ఒక భవనంలో లిఫ్టులు ఒక్కో అంతస్తు కింద ఆగాయట, మేనేజరు గదికి వెళ్ళాల్సినవాళ్ళు వంటగదిలో దిగారట. నవ్వకు, నేనూ అప్పుడు నవ్వాను. పాత తప్పు మాకు మళ్ళీ ఇవ్వండి మహాప్రభో అని గొంతు చించుకున్నారు కొన్నవాళ్ళు. ఇచ్చారు. కావాలనే ఆ పీలికని మళ్ళీ గీయించి మరీ ఇచ్చారు. మూడో తరం, నాలుగో తరం, చిప్పు చిన్నదైంది, జోరు పెరిగింది, చుట్టూ ఉండే తీగ కాళ్ళు పెరిగాయి, ఇంతా చేసి లోపల ఆ పీలిక పదిలం. ప్రతి తరానికీ మీటింగు పెట్టి, ఈసారి వదినని ఎక్కడ కూర్చోబెడదాం అని పకపకా నవ్వేవాళ్ళు. నేను గుమ్మంలో నిలబడి పళ్ళు నూరుకునేవాణ్ణి. తప్పుని నెత్తిన పెట్టుకుని మోశారు, మనిషిని మాత్రం గేటు దాటించేశారు. సిగ్గు లేని జాతి.

ఒకరోజు ఉండబట్టలేక ఇంటికొచ్చి చెప్పేశాను, వదినా, నీ తప్పంటూ నీ మీద రుద్దినదాన్నే మళ్ళీ పెట్టుకున్నారు, నీ పేరే పెట్టారు అని. తిడుతుందనుకున్నాను. పిల్లాడికి అన్నం పెడుతోంది. చెయ్యి ఆపి, "అయితే నన్ను మళ్ళీ పనిలోకి రమ్మంటారా?" అంది. అంతే అడిగింది. ఆ మొహం చూడలేక మర్నాడు వెళ్ళి అడిగాను. కత్తులెక్కడున్నాయి, ఇప్పుడన్నీ మెషిన్లే కదా, అన్నారు. ఆ మాట ఆవిడకి చెప్పాను. ఊఁ అంది. మళ్ళీ ఆ ఊసెత్తలేదు, పోయేదాకా.

ఏంటి? తీసేస్తున్నారా? వచ్చే తరంలో వదిన ఉండదా? పాత యంత్రాలు ఎవరి దగ్గరా లేవు కాబట్టి అవసరం తీరిపోయిందా? బాగుంది. ఇన్నేళ్ళూ ఆ పేరు వినపడితే నాకు రక్తం మరిగేది, తీసి పారేస్తే బాగుండునని ఎన్నిసార్లు అనుకున్నానో. ఇప్పుడు తీసేస్తామంటే ఇంకా మండుతోంది, ఎందుకో నాకే తెలీదు. ఆ గోడల మధ్య ఆవిడ ఉందనడానికి ఇంకేం మిగిలిందమ్మా? అవసరమైతే ఉంచుకోవడం, తీరిపోతే పొమ్మనడం, ఒక్కసారి చేసింది చాల్లేదా వీళ్ళకి? ఎవరికి అప్పజెప్పారు ఆ పని? ఎవరా మహానుభావుడు, పేరు చెప్పు, నేనే వచ్చి మాట్లాడతాను. ఏంటి, వేలు నీ వైపే చూపించుకుంటావేం?

నీకా?



టీ చల్లారిపోయింది. ఇలా ఇవ్వు, వెచ్చబెట్టుకొస్తాను.