కప్పకు నీళ్లు పోసిన ఇల్లు

అధ్యక్షస్థానంలో కూర్చుని, నాకంటే ముందు మాట్లాడి, నేను చెబుదామనుకున్న మంచి మాటలన్నీ తానే చెప్పేసిన సర్పంచ్ మాల్యాద్రి గారికీ, వేదిక మీది పెద్దలకూ, షామియానా కింద కూర్చున్న పెద్దగుంటపల్లె అక్కచెల్లెళ్లకూ అన్నదమ్ములకూ, అక్కడ చోటు చాలక వేపచెట్టు నీడకు సర్దుకున్న వాగుమడుగు కాలనీ వాళ్లకూ నమస్కారం. ముందు వరసలో మా ఆవిడ హైమావతి కూడా ఉంది. నా ప్రసంగానికి ఆమె రావడం ఇదే మొదలు. నేను నిజంగా ఉద్యోగం మానుతున్నానో లేదో కళ్లారా చూసుకుందామని వచ్చింది. (నవ్వులు)

ఒక్క మాట ముందే మనవి చేస్తాను. నేను నిలబడ్డ చోటి నుంచి మోటారు కొట్టం మీది బల్బు కనబడుతోంది. మోటార్లు నడిపే త్రీఫేజు కరెంటు వస్తే అది వెలుగుతుంది. మీరెవరూ మాటిమాటికీ వెనక్కి తిరగనక్కర్లేదు, వెలగ్గానే నేనే చెబుతాను. అంకన్నా, నీకే చెబుతున్నాను. (నవ్వులు)

మాది మార్కాపురం. మా నాయనది పలకల దుకాణం. పలక పగలకపోతే మనకు అన్నం లేదు అనేవాడు. పగిలేవాటిని అమ్ముకుని బతికిన ఇంట్లో పుట్టి, నేను మనుషుల్ని అతికించే స్వచ్ఛంద సంస్థలో పడ్డాను. కొత్త జిల్లా గీతలు గీసిన ఏడాదే నన్ను ఇక్కడికి వేశారు. వాగుమడుగు ఊరు కొత్త జలాశయంలో మునిగిపోతుంది గనక ఆ ఊరివాళ్లకు మీ పొలిమేరలో కాలనీ కట్టారు. నీళ్ల కోసం ఊరు వదులుకున్న వాళ్లకు చూపించిన స్థలంలో నీళ్లు లేవు. ఇది నవ్వించడానికి చెప్పడం లేదు, జరిగింది అదే.

మా కార్యక్రమం పేరు మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. వాతావరణ మార్పుల నేపథ్యంలో నిర్వాసితుల, ఆశ్రయమిచ్చిన గ్రామాల ఉమ్మడి సర్దుబాటు కార్యక్రమం. బ్యానరు మీద పట్టక సగం పేరు రెండో బ్యానరుకు పోయింది, మొదటి సమావేశం నాటికి ఆ రెండో బ్యానరు రాలేదు. ఆ సమావేశంలో నేను, మునుపు తెరిపిచ్చి తెరిపిచ్చి పడే వాన ఇప్పుడు ఒక్క పూటలో కురిసి వాగులో కలిసిపోతోందనీ, ఎండలు ముదిరాయనీ, బోర్లు అడుగంటుతున్నాయనీ చాలాసేపు వివరించాను. అంతా విని మీ ఊరి అంకన్న, "ఇది చెప్పేదానికి జీపేసుకొని వచ్చినావా సారూ? నా బోరు నాకు ఎప్పుడో చెప్పింది" అన్నాడు. కాలనీ తరఫున రోశమ్మ లేచి, "సర్దుకోవాల సర్దుకోవాల అంటాండావే, మేము సర్దుకోవాల్నా, వాన సర్దుకుంటాదా?" అని అడిగింది. ఆ ప్రశ్నను అట్లాగే పై ఆఫీసుకు పంపాను. ఇంకా పరిశీలనలో ఉంది. (నవ్వులు)

మన వైపు బస్సు కండక్టరును అన్నా అంటాం, కూరలమ్మే ఆమెను పిన్నీ అంటాం, ముక్కూమొహం తెలియని మనిషికైనా ఒక వరస తగిలించందే దారి అడగం. అలాంటి ఊళ్లో కాలనీ వాళ్లకు మాత్రం ఏ వరసా దొరకలేదు. ముంపోళ్లు అన్నారు. రోశమ్మను "ఓ ముంపామె" అని పిలిచారు. మునిగింది వాళ్ల ఊరు గానీ వాళ్లు కాదు. నాకు అప్పుడు మీ మీద చాలా కోపం వచ్చింది, అయినా టీ తాగి ఊరుకున్నాను.

అయితే మీ భయమూ ఊరికే పుట్టింది కాదు. కాలనీ బోరు ఎండింది, ట్యాంకరు వచ్చిన రోజే వాళ్లకు నీళ్లు. ఊళ్లో ఒకరి బోరు తగ్గితే పక్కవాడు ఇంకా లోతుకు వేయడం, అప్పుడు మొదటివాడిది పూర్తిగా ఎండడం. ఉన్న బోర్లన్నిటినీ ఒకే పైపుకు కలుపుదాం, కొత్త బోరు వేయకుండా కట్టుబడదాం, ముందు రెండు చోట్లా తాగేనీళ్లు, ఆ తర్వాత వంతుల ప్రకారం చేలకు అన్నాను. ఆ పైపు మీ ఊరి కృష్ణవేణమ్మక్క చేలోంచి పోవాలి. "ముంపోళ్ల కోసం నా చేను చీలుస్తావా?" అని ఆమె నాకు చల్లటి మజ్జిగ ఇచ్చి పంపించింది. మన వైపు వద్దని చెప్పడానికి కూడా మజ్జిగ ఇస్తారు.

ఆ ఏడు శ్రావణం వచ్చినా చినుకు లేదు. ఊరి ఆడవాళ్లు వాన కోసం కప్పతల్లి ఆడాలనుకున్నారు. రోకలికి వేపమండలు కట్టి, తడిగుడ్డలో కప్పను పెట్టి ఇల్లిల్లూ తిరిగితే, ప్రతి ఇంటివాళ్లూ దాని మీద చెంబెడు నీళ్లు పోయాలి. అన్నీ సిద్ధమయ్యాయి, కప్ప లేదు. కుంట ఎండి నెర్రెలిచ్చింది, ఎక్కడ వెతికినా లేదు. చివరికి కాలనీలో ప్లాస్టిక్ ట్యాంకు కుళాయి కారే చోట, ఆ చారెడు తడిలో ఒక కప్ప ఉందని తెలిసింది. అదీ ముంపు కప్పే. (నవ్వులు) అడగడానికి కృష్ణవేణమ్మక్కే వెళ్లింది. రోశమ్మ, "కప్ప మాది. తీసకపోండి. మీ ఊరంతా తిరిగినాక మా వీధిలోకి గూడా తేవాల" అన్నది. వాన కావాలి కాబట్టి ఒప్పుకున్నారు.

ఆ రోజు కాలనీకి ట్యాంకరు రాలేదు. ఊరేగింపు రోశమ్మ గడప ముందుకొచ్చేసరికి ఆమె ఇంట్లో తాగడానికి ఉన్నది ఒకే ఒక్క బిందె. చెంబెడు పోస్తే చాలు. ఆమె బిందె ఎత్తుకొచ్చి మొత్తం పోసింది. రోకలి కృష్ణవేణమ్మక్క భుజం మీద ఉంది, ఆ నీళ్లు ఆమె వీపు మీదుగా కారాయి. పాట ఆగిపోయింది. నేను అక్కడే ఉన్నాను.

ఆ మర్నాడు కుంభవృష్టి కురిసిందని చెప్పి చప్పట్లు కొట్టించుకోవాలని నాకూ ఉంది. కురవలేదు. కప్పను మళ్లీ కుళాయి దగ్గరే వదిలారు, క్షేమంగా ఉంది. వాన రాలేదు గానీ, కృష్ణవేణమ్మక్క మా ఆఫీసుకు వచ్చింది. "పైపు నా చేలోంచే పోనియ్యి సారూ. కప్పకు నీళ్లు పోసిన ఇల్లు ఊరి ఇల్లే గదా. ఊరి ఇంట్లో నీళ్లు లేవంటే ఊరికి నామోషీ" అన్నది. అన్ని సమావేశాలు పెట్టి కూడా నేను చెప్పలేకపోయింది అదే.

పైపు వచ్చింది, నీళ్లు వచ్చాయి, వరి తగ్గించి కొర్రా కందీ వేశారు. వరస మాత్రం రాలేదు. కృష్ణవేణమ్మక్క "ముంపామె" మాని "రోశమ్మా" దాకా వచ్చి అక్కడ ఆగింది. వాల్వు తిప్పే తాళంచెవి, అదిగో శాలువా పక్కన బల్ల మీద ఉన్న ఆ బారెడు ఇనపకడ్డీ, ఊరి వాళ్ల దగ్గరుంటే కాలనీ నమ్మదు, కాలనీ దగ్గరుంటే ఊరు నమ్మదు. అందుకని, నేను పరాయివాణ్ణి గనక, నా దగ్గర పెట్టారు. దాన్ని మీరు గౌరవమన్నారు, నేను కూడా చాన్నాళ్లు అట్లాగే అనుకున్నాను.

ఇప్పుడు కార్యక్రమం ముగిసింది, నా తర్వాత ఎవరూ రారు. తాళంచెవి ఎవరికివ్వాలని కమిటీ ఎన్నిసార్లు కూర్చున్నా ఒక్క పేరు కుదరలేదు. ఇందాక సన్మానంలో నాకు శాలువా కప్పారు, పండ్లు ఇచ్చారు, నన్ను భగీరథుడన్నారు, ఆ కడ్డీ వైపు మాత్రం ఎవరూ చూడలేదు. నాకు భయంగా ఉంది. రేపు వాల్వు మూతపడితే, ఎల్లుండి ఎవరో ఒకరు బోరు లారీని పిలుస్తారు. అదే జరిగితే ఈ శాలువా నాకెందుకు? అందుకని అధ్యక్షుల వారికి నేను మనవి చేసేదేమిటంటే...

(ఆగి)

బల్బు వెలిగింది.

అక్కా, కూర్చో, ఇంకా వందన సమర్పణ ఉంది. కృష్ణవేణమ్మక్కా! (నవ్వులు) తాళంచెవి తీసుకుంది. "నువ్వు కానియ్యి సారూ, కరెంటు పోతే మళ్లీ రాదు" అంటోంది.

ఇవాళ వంతు ఆమె చేనుది కాదు, కాలనీ తాగేనీళ్లది. ఆ సంగతి ఆమెకు తెలుసు. వేపచెట్టు దగ్గర ఆగి ఏదో అన్నది. వెనకున్న వాళ్లకు వినబడిందో లేదో, నాకు వినబడింది. "ఇయ్యాల మీ వంతు గదా, లెయ్యి వదినా. నువ్వు ఒక పక్క పట్టుకుంటే ఇద్దరం తిప్పుదాం."

వదినా అన్నది.

నా ప్రసంగం మధ్యలో లేచి వెళ్లిపోయిన వాళ్లను నేనెప్పుడూ క్షమించలేదు. ఇవాళ మొదటిసారి క్షమిస్తున్నాను. శాలువా కప్పిన మాల్యాద్రి గారికీ, ఎండలో ఓపిక పట్టిన మీ అందరికీ, కుళాయి కింద కాపురమున్న ఆ కప్పకూ నా కృతజ్ఞతలు. మిగిలిన కాగితాలు చదవను. హైమా, నిజంగానే మానేశాను, పద. అంకన్నా, ఇప్పుడు వెనక్కి తిరిగి చూడు.

సెలవు.