అతికించిన గుండు

సినిమా స్టూడియోలో మేకప్ గది. అద్దం ముందు నటి. తలుపు దగ్గర దుస్తులు కుట్టే టైలరు.

“వందనాలు సరే, కొలతలు నిన్ననే తీసుకున్నారు కదన్నా?”

“కొలతలకి కాదమ్మా. ప్రార్థనతో క్యాన్సర్ తగ్గిన ఆ సినిమా మొదటి భాగంలో నీ గుండు... రబ్బరే కదా?”

“రబ్బరే. అతికించారు. గంట పట్టేది పీకడానికి.”

“జబ్బు మాయమైందన్న డాక్టరు కాగితాలు?”

“డైరెక్టరు ప్రింటు తీయించాడు. ఆ మందులు విసిరేసి మోకాళ్ల మీద పడి ఏడ్చానే, అది గ్లిసరిన్. ఇవన్నీ ఇప్పుడెందుకు?”

“మా ఆవిడ నలభై సార్లు చూసింది.”

“మంచిదే కదన్నా. అది చూసి బాగయ్యామని చాలామంది సాక్ష్యం...”

“కీమో మానేసింది.”

“అయ్యో.”

“ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చింది నేనే. ‘ఆ అమ్మాయికి తగ్గింది, నాకెందుకు తగ్గదు’ అంది. నీ ఆసుపత్రి గౌను కుట్టింది ఈ చేతులేనమ్మా! కుట్టినవాణ్ణయ్యుండీ, తన మాటకి నేనూ ఆమెన్ అన్నాను. చివర్లో ఊపిరందకపోయినా ఆ సినిమాలో పాటే పెట్టమంది. ‘నా విశ్వాసం చాల్లేదు, క్షమించండి’ అని నాకు దణ్ణం పెట్టి పోయింది. తప్పు తనదట!”

“అన్నా... నన్ను తిట్టడానికొచ్చారా?”

“తిట్టి ఏం చేసుకోను? మా అమ్మాయికీ అదే వచ్చింది. ఇరవై రెండేళ్లు. మొదట్లోనే దొరికింది, తగ్గుతుందన్నాడు డాక్టరు. అదేమో ఆసుపత్రికి రానంటోంది. తల్లి పడుకున్న మంచం మీదే కూర్చుని, తల్లి ఫోన్లోనే నీ సినిమా చూస్తోంది. గౌను నేనే కుట్టానే అంటే ‘నువ్వు అవిశ్వాసివి నాన్నా’ అంటోంది. నువ్వొచ్చి ఒక్క మాట చెప్పు తల్లీ. ఇప్పుడు నాకు చెప్పావే, రబ్బరని, గ్లిసరినని. అంతే చాలు.”

“నేను రాలేనన్నా.”

“పోనీ ఫోన్లో చెప్పు. ఇదిగో, కలుపుతున్నా.”

“వద్దు, వద్దు! పెట్టేయండి.”

“రెండో భాగం ఆడదేమోనని భయమా?”

“కాదు.”

“డైరెక్టరు ఊరుకోడా?”

“అది కాదన్నా...”

“మరింకేంటి! ఒక పిల్ల ప్రాణం! అంతా నటనేనని నీ నోటితో నువ్వే చెప్పావు కదా!”

“నటనే. నాలుగు నెలల కిందట నా రొమ్ములో గడ్డ తగిలిందన్నా. ఏ డాక్టరుకీ చూపించుకోలేదు. నేనూ రోజూ ఆ సినిమానే చూస్తున్నాను.”