దిన్నెపాడు వాగుకు చప్టా పడిన సంగతి

బసిరెడ్డని ఉండేవాడు, మన దిన్నెపాడులోనే. తెల్లదొరల కాలంలో మద్రాసు కౌన్సిలుకు మెంబరైనాడు. మూడేండ్లు మెంబరు, ఆ మూడేండ్లలో అక్కడ నోరు తెరిచింది ఒక్కసారంట. అది కూడా సుంకులమ్మ వల్లనే. సుంకులమ్మంటే ఊరి మంత్రసాని. బసిరెడ్డిని పుట్టించింది కూడా ఆమే, అందుకే ఎంత మెంబరైనా నువ్వు అనే పిలిచేది. ఏమైందంటే, వాగవతల పల్లెలో ఆమె సొంత కూతురు కాన్పుకు కష్టపడతాంటే, ఈమె రెండు దినాలు ఇవతల గట్టున నిలబడిందంట. వాగు నిండుగా పోతాంది. మూడో దినం నీళ్లు తగ్గినాయి. అప్పటికి అవతల ఈమెతో పని లేదు.

ఓట్లప్పుడు బసిరెడ్డి ఇల్లిల్లూ తిరుగుతాంటే అడ్డంబడింది. నాకు ఓటు లేదులే రెడ్డీ, ఓటున్నోళ్లకు ఏం చెప్తివో అది చెప్పు అనింది. వాగు దాటేదానికి రాళ్ల చప్టా వేయిస్తానన్నాడు. "వేయించకపోతే?" "ఈ తలగుడ్డ మళ్లా కట్టను పో." నలుగురూ విన్నారు. గెలిచినాడు. మద్రాసులో అంతా ఇంగ్లీషంట, ఈయన చేతులు కట్టుకొని కూర్చున్నాడు. రెండేండ్లు పోయినాయి. ఊరికొచ్చినప్పుడల్లా సుంకులమ్మ వాగు కాడే ఎదురుపడి, "తలగుడ్డ బాగుంది రెడ్డీ" అనేది. 

మూడో ఏడు ఎవరితోనో రాయించుకొని కౌన్సిల్లో చప్టా గురించి ప్రశ్న అడిగినాడు. జవాబు ఇంగ్లీషులో అచ్చేసి చేతికిచ్చినారు. దాన్ని తెచ్చి చావిడికాడ అందరి ముందర విప్పినాడు. దొరతనం ఒప్పుకుంది, రాళ్లూ మనుషులూ మనవి, ఉత్తరువు వాళ్లది, వానలకు ముందే కట్టమన్నారు అని చదివినాడు. ఊరంతా దిగింది. ఆయన ఎద్దులు కూడా రెండు జతలు బండలు లాగినాయి. చప్టా పడింది. సుంకులమ్మే ముందు దాటింది. కూతుర్ని పూడ్చిన కాడికి పోయి, కొంచేపు కూర్చొని వచ్చింది.

అప్పుడొచ్చినాడు సర్కారు ఇంజనీరు. ఎవరు కట్టమన్నారని అడిగితే కాగితం చూపించినారు. ఆయన చదివినాడు, మళ్లా చదివినాడు. "ఈ వాగుకు చప్టా అవసరం లేదని కదయ్యా దీంట్లో ఉండేది" అన్నాడు. అందరూ బసిరెడ్డి దిక్కు చూసినారు. బసిరెడ్డి తలగుడ్డ సర్దుకొని, "అవును సార్, ఇప్పుడు లేదు" అన్నాడంట.

ఇంగ్లీషు రాక తప్పు చదివినాడో, తెలిసే అట్ల చదివినాడో, సుంకులమ్మ కూడా అడగలేదు. మళ్లా ఓట్లలో ఆయన ఓడిపోయినాడు. గెలిచినాయన ఇంగ్లీషు బ్రహ్మాండంగా మాట్లాడేవాడంట. ఆయన ఏం కట్టించినాడో నాకు తెలీదప్పా. మీరు పొద్దున దాటొచ్చింది మాత్రం బసిరెడ్డి చప్టానే.