పసుపు పడని మనువు

అక్షరాలు నాకు ముసలితనంలో వచ్చాయి. వత్తులు, దీర్ఘాలు ఇప్పటికీ ఒకదాని చోట ఒకటి పడుతుంటాయి. ఈ నాలుగు కాగితాలు నింపడానికి కాఫీ పళ్ళు కోసే కాలమంతా పట్టింది. తప్పులు కనబడితే మన్నించి, ఇద్దరి మాటలు మాత్రం వినండి.

సుక్రు, గంగ పాడేరు ఆసుపత్రి నుంచి జీపులో వచ్చి కొండ కింద దిగారు. గూడేనికి ఎక్కే దారిలో, సగంలో, బండ మీద కూర్చున్నారు.

“అయితే ఆదివారం వద్దంతావు.”

“ఊపిరి తీసుకోనీ గంగా. ఇంకా సగం కొండ ఉంది.”

“తీసుకో. తీసుకునే సెప్పు. మన పెళ్ళికి ఆదివారం మంచిదని పూజారి రోజు కట్టేసినాడు. ఆయనకేటి సెప్పమంతావు?”

“కాఫీ పళ్ళు అయిపోయాక సూద్దామని సెప్పు.”

“పళ్ళు అయ్యాక మిరియాలంతావు. మిరియాలయ్యాక ఎండలంతావు. యాభై ఏళ్ళుగా ఇదే కత.”

“యాభై ఏళ్ళు బాగానే ఉన్నాం కదేటి. నలుగురు పిల్లల్ని కన్నాం. ఇప్పుడు పెళ్ళేటి, గూడెంలో పిల్లా గుంటా నవ్వుతారు.”

“నవ్వనీ. సంతలో నా సెయ్యట్టుకుని లగెత్తిన రోజు నవ్వలేదేటి? సెప్పు జారిపోతే ఎనక్కెళ్ళి మరీ తెచ్చుకున్నావు.”

“కొత్త సెప్పులవి.”

“మా అన్నలు కర్రలట్టుకుని తరుముతుంటే.”

“సెప్పూ తెచ్చుకున్నాను, నిన్నూ తెచ్చుకున్నాను. ఏదీ ఒగ్గలేదు.”

“ఇప్పుడు మాట తప్పిత్తన్నావు.”

“దాహమేత్తంది.”

“ఇదిగో. సిన్నగా తాగు. తొలి ఏడే పెళ్ళి సేత్తానన్నావు. ఆ ఏడు చేలో చోళ్ళు పండలేదు.”

“పండలేదు మరి. ఊరికేటి పెడతాం?”

“మరుసటేడు పండినాయి. పెద్దోడు కడుపులో ఉన్నాడు. ఆ మీదేడు మీ అన్న పోయినాడు. ఆ మీద పంది సచ్చింది.”

“పెళ్ళికని పెంచిన పంది. మంచి పంది అది.”

“దానికోసం ఏడ్చినావు కూడా. నాకోసం ఏనాడూ ఏడవలేదు.”

“నీకేటయింది ఏడవడానికి?”

“ధర్మా పెళ్ళిలో ఏటయిందో నీకు తెలదా? నా కొడుకు పెళ్ళికి పసుపు నానే దంచినాను. ఆడి ఒంటికి రాయడానికి మాత్రం నీ తమ్ముడి పెళ్ళాం వచ్చింది. నాను లేచిపోయొచ్చినదాన్ని, పసుపు పడనిదాన్ని కదా. మీ పెద్దల దేవుడి ముందుకి రాకూడదు కదా.”

“తెలుసు. సూసినాను.”

“తెలిసీ ఒద్దంతన్నావు. ఊరు సరేనంది. ధర్మా మేకని కట్టేసినాడు. నువ్వొక్కడివే అడ్డం. నాను ముసలిదాన్నయిపోయాననేటి?”

“ఛ. అదేం మాట.”

“మరేటి? డాక్టరేటన్నాడు లోపల? నన్ను బయట కూకోబెట్టి అరగంట మాటాడినావు.”

“గేసన్నాడు. కారం తగ్గించమన్నాడు.”

“గేసుకి అరగంటా?”

“లైనుంది.”

“మావా, పోయినేడు కాఫీ బస్తా నెత్తినెట్టుకుని ఈ కొండ ఆగకుండా ఎక్కినావు. ఈరోజు ఇది మూడోసారి కూకోడం.”

“ముసిలోణ్ణి కానేటి.”

“నా మొకం సూసి సెప్పు.”

“కళ్ళలో ఎండ కొడతంది.”

“ఎండ నీ ఎనకుంది.”

“నువ్వు ఒగ్గవు కదా. ఇను మరి. మా నాన్న పోయినప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. కాల్చొచ్చాక ఆడోళ్ళంతా మా అమ్మని గెడ్డ నీళ్ళకాడికి తీసుకెళ్ళినారు. నాను ఎనకాలే ఎల్లినాను, ఎవరూ సూడలేదు. దాని సెయ్యి రాయి మీద పెట్టి గాజులు పగలగొట్టినారు. పెంకొకటి మణికట్టులోకి దిగిపోయింది. ముక్కు నత్తు లాగేసినారు. బతికినన్నాళ్ళూ ఆ సేత్తో నీళ్ళ ముంత ఎత్తలేకపోయింది మా అమ్మ.”

“ఎప్పుడూ సెప్పలేదే.”

“ఏటి సెప్తాను. అప్పుడు నీ గాజులు సప్పుడయితే నాకు నిద్ర పట్టేది. దాని మీద ఈ మాటెలా ఎత్తను.”

“దానికీ ఆదివారానికీ ఏటి?”

“పసుపు పడినదానికే పగలగొడతారు గంగా. పడనిదాని జోలికి ఎవరూ రారు. నీ గాజులు నీకుంటాయి, నీ నత్తు నీకుంటాది. ఎవరూ నిన్ను గెడ్డకి లాక్కుపోరు.”

“ఇప్పుడా మాటెందుకొచ్చింది?”

“నాను ఈ ఏడు వానలు సూడనన్నాడు డాక్టరు. సాలా? అందుకే వద్దంతన్నాను. ఇంక లే, పోదాం.”

“కూకో. ఆ మాట నాకు తెలుసు.”

“ఏటి తెలుసు?”

“పోయిన నెలే తెలుసు. ఆసుపత్రిలో నర్సమ్మ కాగితమిచ్చి ఏలిముద్ర ఎయ్యమంది. సదవడం రాదు, ఏటుందో సెప్పమ్మా అన్నాను. సదివి ఇనిపించింది.”

“నెల నుంచీ తెలుసా. తెలిసీ పెళ్ళి పెళ్ళని నా పీక తింతన్నావా?”

“తెలిసే.”

“పిచ్చిదానా. నాలుగు నెలల పెళ్ళికూతురువై ఏటి సేసుకుంతావు? ఉన్న గాజులు పోగొట్టుకుంతావు.”

“పోతే పోనీ మావా. పసుపు పడకపోతే, ఆ రోజు నీ ఒళ్ళు కడగడానికి నన్ను దగ్గరకి రానివ్వరు.”

రాసినది: వంతల సుక్రు భార్య గంగ. వయసు డెబ్బై రెండు. ఇప్పుడు పాడేరులో మనవరాలి ఇంట్లో ఉంటున్నాను.